గాడుకీ గారుకీ మధ్య ఎంత దూరం?

మొన్న మా బడి స్టాఫ్‌రూములో ఒక తెలుగు పండితుడు నాకు పాఠం చెప్పాడు. (“చెప్పాడు” అన్నానని అప్పుడే నొసలు ముడిపడిందా? ఆ ముడి గురించే ఈ నాలుగు మాటలు. కాస్త ఓపిక పట్టండి.)

సంగతి చిన్నదే. మధ్యాహ్నం అన్నం వండే అక్క టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టారు. “ఏమే, పంచదార తగ్గించమన్నానా లేదా?” అన్నాడాయన. ఆమెకు యాభై రెండేళ్లు. ఆయనకు నలభై ఏడు. “ఏమే ఏంటి మాస్టారూ, అక్కా అనొచ్చు గదా” అన్నాను. ఆయన నవ్వాడు. “భాష ఎవరో కూర్చుని పెట్టింది కాదు మాస్టారూ. దానంతటదే పుడుతుంది, కాలం మారితే దానంతటదే పోతుంది. అందులోకి కులాన్ని లాక్కురాకండి. నాకు ఆవిడ మీద ద్వేషమేముంది? సంక్రాంతికి చీర కూడా పెట్టాం” అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. అక్క ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయారు.

ఎవరూ పెట్టలేదు. దానంతటదే పోతుంది. నా మనసులో ద్వేషం లేదు. ఈ మూడు మాటలూ మీరూ విని ఉంటారు. ఊళ్లో విన్నారు, ఆఫీసులో విన్నారు, పెళ్లి పందిట్లో విన్నారు. వీటిలో మొదటిది నిజం. రెండోది అబద్ధం. మూడోది నిజమే కావచ్చు, కానీ ఆ నిజం మన గాయానికి మందు కాదు.

మొదటిదాంతో మొదలుపెడదాం. మా నాన్న పాలేరు. నాకు పదేళ్లప్పుడు నాన్నతో కామందు దొడ్లోకి వెళ్లాను. కామందు మనవడు, ఎనిమిదేళ్లవాడు, అరుగు మీద నుంచి “ఒరేయ్, నా బంతి గడ్డివాములో పడింది, తియ్యరా” అన్నాడు. నన్ను కాదు, మా నాన్నను. నాన్న “తెస్తున్నా బాబూ” అని పరిగెత్తాడు. ఆ పిల్లాడికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వాళ్ల తాత ఎలా పిలుస్తాడో విన్నాడు, అలా పిలిచాడు. అదే పిల్లాడు పక్కింటి ముసలాయన్ని “తాతయ్యా” అంటాడు. ఏ ముసలాయనకు ఏ పిలుపో ఆ వయసుకే వాడికి తెలుసు. ఎక్కాలు ఇంకా రాలేదు, ఇది మాత్రం వచ్చేసింది.

ఒకవేళ ఆ రోజు వాడు పొరపాటున మా నాన్నను “తాతయ్యా” అని ఉంటే? అరుగు మీద వాళ్లు నవ్వేవాళ్లు. గడ్డి దగ్గర ఉన్న మిగతా పాలేర్లు నవ్వేవాళ్లు. అందరికంటే ముందు మా నాన్నే నవ్వేవాడు. “అట్టా అనకూడదు బాబూ” అని ఆయనే దిద్దేవాడు. అక్కడుంది కీలకం. ఈ చట్టానికి కాగితం లేదు, పోలీసు లేడు. ఎదుటివాళ్లు ఏమంటారని నేను అనుకుంటానో, నేను ఏమంటానని వాళ్లు అనుకుంటారో, ఆ అనుకోవడాల మీదే అది నిలబడి ఉంది. ఒక్కొక్కరూ మిగతా అందరినీ చూసి పాటిస్తారు. ఆ మిగతా అందరిలో మనమూ ఉన్నాం.

దీన్ని పరీక్ష పెట్టి చూసినవాళ్లు కూడా ఉన్నారు. 2015లో సెంటోలా, బారొంకెల్లి అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఆట ఆడించారు. 24 మంది, 48 మంది, 96 మంది చొప్పున జనాన్ని గుంపులు చేశారు. ఒకరికొకరు కనపడరు, కంప్యూటరు తెర మీదే ఆట. ఇద్దరిద్దరిని జత చేసి ఒక ముఖం బొమ్మ చూపించి, ఈ ముఖానికి పేరు పెట్టమంటారు. ఇద్దరూ ఒకే పేరు రాస్తే కాస్త డబ్బు వస్తుంది, వేరువేరు పేర్లు రాస్తే పోతుంది. తర్వాత జత మారుతుంది. గుంపు మొత్తం ఏమంటుందో ఎవరికీ తెలియదు, తన జతగాడు ఏమన్నాడో అదొక్కటే తెలుసు. నాయకుడు లేడు, పంచాయితీ లేదు, ఓటు లేదు. అయినా అందరితో అందరికీ జత కలిసే గుంపుల్లో కొద్దిసేపటికే అందరూ ఒకే పేరు అనడం మొదలుపెట్టారు. ఇరుగుపొరుగుతో మాత్రమే జత కలిసే గుంపుల్లో ఏ మూలకు ఆ మూల ఒక్కో పేరు పుట్టింది.

ఇందులో వింతేమీ లేదు. గోదావరి జిల్లాల్లో ఆనపకాయ అంటారు, మా వైపు సొరకాయ అంటాం. ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. ఎవరు ఎవరితో కలిసి బతికారో వాళ్లది ఒక మాట అయింది. ఇందాకా పండితుడితో నాకు పేచీ లేదు.

కానీ అయ్యా, ఏ పేరు పెట్టినా సొరకాయకు నొప్పి లేదు. మా నాన్నకు ఉంది.

ఆ ఆటలో ఇద్దరికీ సమానంగా డబ్బు వచ్చింది. మన ఊరి ఆటలో కూడా ఇద్దరికీ ఏదో ఒకటి వస్తుంది, అందుకే అది ఇన్ని తరాలు నడిచింది. “ఒరే” అన్నవాడికి గౌరవం వస్తుంది. “అయ్యా” అన్నవాడికి ఆ పూట దెబ్బ తప్పుతుంది, రేపటి పని దొరుకుతుంది. దీన్ని ఒప్పందం అంటారా? మెడ మీద కాలు పెట్టి, ఇద్దరం ఒక మాటకు వచ్చాం అన్నట్టు ఉంటుంది. “దానంతటదే పుట్టింది” అనేవాళ్లు ఈ కాలి సంగతి దాటేస్తారు. భూమి ఎవరి చేతిలో ఉందో, బావి ఎవరిదో, గడ్డివాము ఎవరిదో చెప్పకుండా పిలుపు గురించి చెప్పడం నాగలి లేకుండా చాలు తోలినట్టే.

కొందరు ఇంకో వాదం తెస్తారు. “ఒరే” అనేది ఆప్యాయతండీ, మేము మా పిల్లల్ని కూడా ఒరే అంటాం అంటారు. మంచిది. ఆప్యాయత అయితే రెండు వైపులా నడవాలి గదా. నా స్నేహితుడు నన్ను ఒరే అంటాడు, నేనూ వాణ్ని ఒరే అంటాను, అది ఆప్యాయత. మా నాన్న కూడా ఆ అరుగు దగ్గరకు వెళ్లి “ఏరా కామందూ, బువ్వ తిన్నావా” అని ఆప్యాయంగా అడగొచ్చా? అడిగి తిరిగి ఇంటికి వస్తాడా?

ఇక మన తెలుగు వ్యాకరణం చూడండి. నేను బడిలో చెప్పేది సైన్సు గానీ పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ ఇది కంటబడింది. పోలయ్య అని పేరు పెట్టుకుంటే ఊళ్లోకి వెళ్లేసరికి పోలిగాడు అవుతాడు. ఊళ్లో అదే పేరున్న ఆసామి పోలయ్యగారే. గారు, గాడు: ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం వెనకాలే క్రియ కూడా మారిపోతుంది. పేపరు తీయండి. “మంత్రి చెప్పారు.” “ఎమ్మెల్యే వచ్చారు.” అదే పేజీలో కింద, “కూలీ చనిపోయాడు.” “పారిశుధ్య కార్మికుడు మ్యాన్‌హోల్‌లో పడి మరణించాడు.” చచ్చిపోయినా ఆ మనిషికి “రు” దక్కలేదు. ఆ రాసిన విలేకరి చెడ్డవాడని నేను అనను. ముందురోజు పేపరు ఎలా రాసిందో చూసి రాశాడు.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. తెలుగులో ఒక్క ఆడమనిషి గురించి చెప్పేటప్పుడు క్రియ ఎలా ఉంటుంది? ఆమె వచ్చింది. గేదె వచ్చింది. బస్సు వచ్చింది. మూడింటికీ ఒకటే ముగింపు. ఆ వరసలోంచి ఆడమనిషిని బయటికి తీసే మాట ఒక్కటే, “వచ్చారు”. అది మేడమ్‌కు ఉంది, అమ్మగారికి ఉంది. కలుపు తీసే అమ్మకు లేదు. మగవాడికి గౌరవం ఇవ్వకపోయినా “వచ్చాడు” అని మనిషిగానైనా మిగులుతాడు. మన అమ్మలకు అదీ లేదు. అందుకే పైన ఆ అక్క గ్లాసులు తీసుకుని వెళ్లిపోయారు అని రాశాను. మీలో కొందరికి అక్కడ కూడా చెవి చివుక్కుమని ఉంటుంది. మన పల్లెలోని వాళ్లకు కూడా.

ఇప్పుడు మూడో మాట. “నా మనసులో ద్వేషం లేదు.” సరే, నమ్ముతాను. దీనికి జవాబు మనుషుల దగ్గర్నుంచి కాదు, యంత్రాల దగ్గర్నుంచి వచ్చింది. మాట్లాడే కంప్యూటరు ప్రోగ్రాములు ఇప్పుడు పిల్లల ఫోన్లలో కూడా ఉన్నాయి గదా, అలాంటివాటిని గుంపుగా చేర్చి ఇదే పేర్ల ఆట ఆడించారు. లండన్‌లో, డెన్మార్క్‌లో పనిచేసే శాస్త్రవేత్తలు 2025లో ఆ ఫలితం అచ్చువేశారు. విడివిడిగా అడిగితే ఈ పేరూ ఆ పేరూ సమానమే అన్నట్టు ఉన్న యంత్రాలు కూడా, గుంపులో ఒకదానితో ఒకటి ఆడీ ఆడీ ఒక పేరు వైపే మొగ్గాయి. ఏ ఒక్కదాన్ని విప్పి చూసినా పక్షపాతం కనపడదు. గుంపుకు మాత్రం వచ్చేసింది. యంత్రానికి ద్వేషమేముంది, సంక్రాంతి చీరేముంది? అందుచేత మాస్టారూ, మీ మనసు శుభ్రంగా ఉందా అని నేను అడగడం లేదు. మీ నోరు ఏ గుంపుతో కలిసి నడుస్తోందని అడుగుతున్నాను.

ఇక అబద్ధం సంగతి. “దానంతటదే పోతుంది.” ఏది పోయింది దానంతటదే? ఒక్కటి చూపించండి.

1917లో బెజవాడలో పంచముల మహాసభ అని పిలిచారు. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మ ఆ పంచమ అనే మాటనే ఒప్పుకోలేదు. మనం ఈ నేలకు మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అన్నాడు. సభ పేరే ఆది ఆంధ్ర మహాసభ అయింది. అయిదేళ్లకు, 1922లో, మద్రాసు ప్రభుత్వ కాగితాల్లో పంచమ పోయి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర వచ్చాయి. శాసనమండలిలో ఎం.సి. రాజా పట్టుబట్టాడు గనుక వచ్చాయి. కాలం వచ్చి మార్చలేదు.

తర్వాత గాంధీగారు హరిజన అన్నారు. తియ్యటి మాట. మనల్ని అడిగి పెట్టింది కాదు. 1938లో బొంబాయి శాసనసభలో ఆ మాటను చట్టంలోకి ఎక్కిస్తుంటే బాబాసాహెబ్ తన పార్టీవాళ్లతో సభలోంచి లేచి వచ్చేశాడు. అయినా ఆ మాట హాస్టల్ బోర్డుల మీద, బస్తీల పేర్ల మీద, రేడియోలో, సినిమాలో కూర్చుంది. కులం సర్టిఫికెట్ల మీద అది రాయవద్దని కేంద్రం 1982లో రాష్ట్రాలకు చెప్పింది. ఆ మాట తిట్టుగా వాడుతున్నారని 2017లో సుప్రీంకోర్టు అంది. ఈ రోజుకూ మా మండలంలో బస్సు దిగి “హరిజనవాడ ఎటు” అని అడిగేవాళ్లున్నారు. పైనుంచి కాగితం దిగితే ఫైలులో మాట మారుతుంది. టీ కొట్టు దగ్గర మారదు.

మరి ‘దళిత’ ఎలా నిలిచింది? బొంబాయిలో 1972లో పాంథర్స్ దాన్ని జెండా చేసుకున్నారు. మన దగ్గర 1985 జూలై 17న కారంచేడులో నెత్తురు పారాక, చీరాలలో శిబిరాల్లో కూర్చున్న జనం నోట, దళిత మహాసభ పాటల్లో, గోడల మీద, ఊరూరా తిరిగిన కళాకారుల గొంతులో అది మన మాట అయింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి దండోరా బయల్దేరినప్పుడు, తిట్టుగా విసిరిన కులం పేరునే పేరు చివర తగిలించుకుని వేల మంది నిలబడ్డారు. ఒక్కడు తగిలించుకుంటే పిచ్చోడు అంటారు. పల్లె పల్లె తగిలించుకుంటే రిజిస్టర్లలో రాయక తప్పలేదు.

‘జై భీమ్’ సంగతి ఇంకా బాగా ఆలోచించాలి. నాగపూరు పక్కన కామఠీలో బాబూ హర్దాస్ అనే కార్యకర్త 1930లలో దాన్ని పలకరింపుగా నడిపాడు. అప్పటిదాకా అక్కడ మహర్లు పెద్దకులాల వాళ్ల ముందు వంగి “జోహార్ మాయిబాప్” అనాల్సి వచ్చేది. హర్దాస్ ఏం చేశాడు? ముందు పటేల్ దగ్గరకు వెళ్లి “నాకు జై భీమ్ చెప్పు” అని తగువు పెట్టుకోలేదు. మనవాడు మనవాడికి ఎదురైతే జై భీమ్ అనాలన్నాడు. మన మధ్య అది గట్టిపడింది. ఊళ్లు దాటింది, భాషలు దాటింది. హర్దాస్ 1939లో, ముప్ఫై అయిదేళ్ల వయసుకే చనిపోయాడు. ఇవాళ కలెక్టరు ఆఫీసు గేటు దగ్గర కూడా ఆ మాట వినపడుతుంది.

పిలుపు మార్చడం మనకే వచ్చిన వెర్రి అనుకోకండి. స్వీడన్ దేశంలో ఒకప్పుడు పెద్దవాణ్ని “మీరు” అనడం కూడా చాలదు, హోదా పేరుతోనే పిలవాలి. “డాక్టరుగారు కాఫీ తాగుతారా” అని డాక్టరు ముఖం మీదే అడగాలి. 1967లో అక్కడి ప్రభుత్వ వైద్యశాఖ అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెడ్ అనే ఆయన, ఈ రోజు నుంచి నేను ఉద్యోగులందర్నీ నువ్వు అంటాను, మీరూ నన్ను నువ్వు అనండి అన్నాడు. ఆ అలవాటు అప్పటికే కార్మికుల్లో, కుర్రకారులో పాకుతోంది. పెద్ద కుర్చీలో మనిషి ఒకడు అటు జరిగేసరికి కొద్ది ఏళ్లలో దేశమంతా నువ్వు అయిపోయింది. అందరూ గారు అయినా సరే, అందరూ నువ్వు అయినా సరే, నాకు అభ్యంతరం లేదు. మనకే నువ్వు, వాళ్లకే మీరు అన్నప్పుడే పేచీ.

మరి ఎంతమంది నిలబడితే ఒక అలవాటు బోల్తా పడుతుంది? దీన్నీ పరీక్షించారు. 2018లో అదే సెంటోలా, బారొంకెల్లి మరికొందరితో కలిసి పది గుంపులను, గుంపుకు 20 నుంచి 30 మందిని, అదే పేర్ల ఆటకు పెట్టారు. గుంపంతా ఒక పేరుకు స్థిరపడ్డాక, కొంతమందిని లోపలికి పంపారు. వాళ్ల పని ఒక్కటే: ఏమైనా సరే కొత్త పేరే అనాలి, పాత పేరు అనకూడదు. తక్కువమంది ఉన్నచోట గుంపు చలించలేదు. వాళ్లు సుమారు పావు వంతుకు చేరేసరికి గుంపు మొత్తం కొత్త పేరుకు తిరిగింది. ఒక్క మనిషి తేడాతో ఓడినచోట, గెలిచినచోట కూడా ఉందట.

ఇది చదివి మా కుర్రాళ్లు ఎగిరి గంతేశారు. “అన్నా, పావు వంతు చాలంట! మన ఊళ్లో మనం పావు వంతు పైనే గదా!” 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద ఎస్సీలు నూటికి 16 మంది పైన. పెద్ద పల్లెలున్న చాలా ఊళ్లలో పావు వంతు ఎప్పుడో దాటాం. మరి ఊరు ఎందుకు తిరగలేదు?

ఎందుకంటే తమ్ముడూ, ఆ ఆటలో పావు వంతు అంటే ఉన్నవాళ్లు కాదు, మాట తప్పనివాళ్లు. మనం తలలు లెక్కపెడుతున్నాం. ఒరే అంటే “ఆఁ అయ్యా” అని పలికే తల ఎంత పెద్దదైనా ఆ లెక్కలోకి రాదు. ఇంకోటి, ఆ ఆటలో మాట కలవకపోతే పోయేది చిల్లర డబ్బులు. ఇక్కడ కౌలు పోతుంది. నాకు తెలుసు. ఉద్యోగం వచ్చిన కొత్తల్లో, ఒంటరిగా, నా చొక్కా ఇస్త్రీ చూసుకుని, కామందు ఇంటి ముందు నిలబడి “మా నాన్నను అరే ఒరే అనకండి, మీరు అనండి” అన్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. “అలాగే మాస్టారూ” అన్నాడు. ఆ వేసవికి నాన్న చేస్తున్న రెండెకరాల కౌలు వేరేవాళ్లకు వెళ్లింది. నన్ను మాస్టారు అన్నాడు, నాన్నను ఏమీ అనకుండా వదిలేశాడు. నాన్న నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు. “నీకు జీతం ఉందిరా” అన్నాడు ఒకరోజు. ఆ మాట ఇప్పటికీ దిగలేదు నాకు.

తర్వాత మా పల్లె కుర్రాళ్లు ఎనిమిదిమంది ప్రయత్నించారు. టీ కొట్టు దగ్గర ఎవరు ఒరే అన్నా పలకకూడదని ఒట్టు పెట్టుకున్నారు. రెండు నెలలు నడిచింది. గట్టి పిల్లలే. కానీ ఎనిమిదిమందీ ఒకే వేపచెట్టు కింద కూర్చునేవాళ్లు, పొద్దస్తమానం ఒకళ్లతో ఒకళ్లే మాట్లాడుకునేవాళ్లు. ఊళ్లోవాళ్లకు వాళ్లతో పని లేదు. పని లేనివాడి మౌనం ఎవరికి వినపడుతుంది? ఇద్దరు హైదరాబాదు వెళ్లారు, ఒకడికి పెళ్లయింది, అయిపోయింది.

జరిగిన పని మాత్రం ఆడవాళ్లు చేశారు. 2018 మిరప కోతల్లో. మా పల్లెలో అప్పుడు నాలుగు ముఠాలు, ముఠాకు పదిహేను ఇరవై మంది. చేలో ఒక ఆసామి అరవై ఏళ్ల ముసలమ్మను “ఒసే, టిక్కీ అడ్డంగా పెట్టావేంటే” అని కాలితో ఆ టిక్కీని తన్నాడు. కాయలు చెల్లాచెదరయ్యాయి. ముఠా మేస్త్రమ్మ ఆ పూట ఏమీ అనలేదు. సాయంత్రం చర్చి వసారాలో నాలుగు ముఠాలనూ కూర్చోబెట్టారు. ఆమె పెట్టిన మొదటి షరతు ఆసాములకు కాదు, మనకే. వారం రోజులు మనలో మనం ఎవరినీ ఒసే అనకూడదు, దాన్ని దీన్ని అనకూడదు, నిండు పేరు పెట్టి అమ్మా అనో అక్కా అనో పిలవాలి. మొదటి రోజు అందరూ పగలబడి నవ్వారు. పిలవబోయి నాలుక కరుచుకునేవాళ్లు. నాలుగో రోజుకు నవ్వు తగ్గింది.

రెండో పని ఇంకా తెలివైనది. ఆసాములు వలస కూలీలను దింపుతారని ఆమెకు తెలుసు. ఆదోని వైపు నుంచి వచ్చి ఊరి చివర గుడారాలు వేసుకున్న కుటుంబాల దగ్గరకు నలుగురు వెళ్లి కూర్చున్నారు. ఆ కుటుంబాల్లో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. వాళ్లనూ ఆసాములు ఒసే అనే అంటున్నారు. ఒప్పుకున్నారు. ఆ తర్వాతే ఆసాములకు ఫోను: “పేరు పెట్టి అమ్మా అనండి. ఒసే అన్న చేలో ఆ రోజు టిక్కీ నిండదు.”

ఇద్దరు ఆసాములు మొండికేశారు. మూడు రోజులు కాయ చెట్టునే ఎండింది, తాలు పడింది. మూడో ఆసామి ఫోను చేసి “మేస్త్రమ్మగారూ, రేపు మా చేలోకి వస్తారా” అన్నాడు. వెటకారంగానే అన్నాడు, గారును సాగదీసి మరీ అన్నాడు. అయినా అన్నాడు. మిగతావాళ్లు చూశారు. పక్క చేలోవాడు గారు అంటే ముఠా అక్కడికే పోతోంది. రెండు వారాలకు సాగదీయడం పోయింది, గారు మిగిలింది. వెటకారానికి కూడా రోజూ ఓపిక కావాలి.

కుర్రాళ్లు ఎనిమిదిమంది ఓడి, ఈ అమ్మలు ఎందుకు గెలిచారు? కుర్రాళ్లు ఒకే చోట ఉన్నారు. ముఠా ప్రతి చేలోకీ వెళుతుంది, ప్రతి ఆసామికీ ఎదురుపడుతుంది, ప్రతి ఆసామికీ దాంతో పని ఉంది. పైగా కోతల కాలం. ఊరి నోరు మారాలంటే ఊరి పనిలో చెయ్యి ఉండాలి. అందుకే చెబుతున్నా, నాలాంటి ఇస్త్రీ చొక్కాల వాళ్లు స్టాఫ్‌రూములో వాదించుకుంటే సరిపోదు. 1989 చట్టం కులం పేరుతో తిట్టినవాడి మీద కేసు పెట్టనిస్తుంది, అది మన చేతిలో ఆయుధం, వదలొద్దు. కానీ వట్టి “ఒరే”కు, “వచ్చింది”కి సెక్షన్ లేదు. దానికి ముఠానే సెక్షన్.

గెలుపు అని సంబరపడిపోయేంత గెలుపు కాదది, ఆ సంగతీ రాయాలి. చేలో అమ్మా అన్న ఆసామే రేషన్ కొట్టు దగ్గర ఒసే అంటున్నాడు. మగవాళ్ల పిలుపు మారలేదు. అన్నిటికంటే సిగ్గుచేటు ఏంటంటే, చేలో “అమ్మా” అనిపించుకుని ఇంటికొచ్చిన మేస్త్రమ్మను గడపలో మొగుడు “ఏమే, ఇంతసేపేంటే” అన్నాడు. ఆమే చెప్పి నవ్వారు నాతో. నేను నవ్వలేకపోయాను, మా ఇంట్లో నేను ఏమంటానో గుర్తొచ్చి.

ఇంకో మాట కూడా, కోపం తెచ్చుకోకండి. మాలపల్లెలో పుట్టినవాడు మాదిగపల్లె పెద్దాయన్ని ఏమంటున్నాడు? మాదిగపల్లెకు వచ్చే డక్కలి ముసలాయన్ని మన పిల్లలు ఏమంటున్నారు? కామందు మనవడు మా నాన్నను పిలిచినట్టే. ఆ పిల్లలకూ ఎవరూ నేర్పలేదు, మన నోళ్లు విని నేర్చుకున్నారు. కార్యకర్తలు పల్లెల్లో మీటింగు పెట్టేముందు ఈ పిలుపు సంగతి తేల్చుకోండి. హాస్టల్ పిల్లల దగ్గర మొదలుపెడితే మేలు. ఇరవై ఊళ్ల పిల్లలు ఒక గదిలో పడుకుంటారు, సెలవులకు ఇరవై పల్లెలకు వెళతారు. మాట మోసుకెళ్లడానికి అంతకంటే మంచి దారి నాకు కనపడలేదు. నికరాగ్వా దేశంలో 1970ల చివర చెవుడున్న పిల్లల్ని ఒక బడిలో చేర్చితే, పంతుళ్లు పెదవులు చూసి స్పానిష్ నేర్చుకోమంటుంటే, పిల్లలు ఆటస్థలంలో, బస్సులో తమలో తాము సైగలు కలుపుకుని ఏకంగా ఒక కొత్త భాషనే పుట్టించారు. తర్వాత చేరిన చిన్నపిల్లలు దాన్ని ఇంకా పెంచారు. మన పిల్లలు ఒక్క పిలుపు మార్చలేరా?

మా బడిలో వంట చేసే అక్కలు ముగ్గురు, మండలంలో అందరూ కలిపితే చాలామందే. మిరప ముఠా మేస్త్రమ్మ చెల్లెలు వాళ్లలో ఒకరు. వచ్చే నెల మొదటి ఆదివారం మా పల్లె చర్చి వసారాలో వాళ్లంతా కూర్చుంటున్నారు. మొదటి వారం షరతు తమలో తమకే. నన్ను రమ్మన్నారు, మాట్లాడవద్దన్నారు, చాపలు తెమ్మన్నారు.